ఇంట్లో బాగానే పలుకుతుంది, ఫంక్షన్ హాల్లో బ్లూటూత్ తెగుతోంది: డిజిటల్ శాక్స్ కష్టాలు

తెనాలి_శాక్స్
మాది పెళ్ళిళ్ళకి, రిసెప్షన్లకి వాయించే చిన్న బ్యాండు. కీబోర్డు, ప్యాడ్స్, డోలక్, నేను డిజిటల్ శాక్స్. వాయిద్యంలోంచి ఐప్యాడ్‌కి బ్లూటూత్ మిడి (శబ్దం కాదు, ఏ స్వరం, ఎంత ఊపిరి అన్న కబురు) వెళ్తుంది, ఐప్యాడ్‌లో ఆ కబురుని శబ్దంగా మార్చే సింథ్ యాప్, అక్కణ్ణుంచి వైరుతో మిక్సర్‌కి. ఇంట్లో పూటంతా ఊదినా చిన్న తేడా రాదు. హాల్లో స్టేజి ఎక్కానంటే మొదలు. నోరు తీసేసినా స్వరం ఆగదు, "పాఁ..." అని అలా పట్టుకునే ఉంటుంది. లేదంటే జారు వేస్తే మెట్లు మెట్లుగా దిగుతుంది. మొన్న పెళ్ళికూతురు నడిచొచ్చే టైములోనే పై పంచమం ఇరుక్కుపోయింది. కీబోర్డు అన్న ఫేడర్ (శబ్దం తగ్గించే మీట) లాగేసి పరువు కాపాడాడు.

కంపెనీ పేరు చెప్పను. చెబితే "అది కొన్నావేంటి, ఇది కొనాల్సింది" అని చర్చంతా అటు పోతుంది. సర్వీసు వాళ్ళకి చూపించా, వాళ్ళ టేబుల్ మీద శుభ్రంగా పలికింది, తిరిగిచ్చేశారు. వైరు పెట్టుకోమనేవాళ్ళకి ముందే దండం. నేను స్టేజి దిగి జనంలో తిరుగుతూ ఊదాలి, మా బ్యాండుకి పేరొచ్చిందే దానివల్ల.

సన్నాయి_సూరిబాబు
వైరు పెట్టుకో.

బెజవాడ_బీట్
సూరిబాబు గారు దండం కూడా స్వీకరించలేదు హహహ

రేడియోబాబాయ్
తెనాలీ, ముందు రెండు సంగతులు చెప్పు. హాల్లో ఐప్యాడ్ ఎక్కడ పెడుతున్నావు? సౌండ్ చెక్ అప్పుడు, అంటే జనం రాకముందు, ఇదే గొడవ ఉంటుందా?

తెనాలి_శాక్స్
ఐప్యాడ్ సౌండ్ ఆయన టేబుల్ మీద, మిక్సర్ పక్కనే. ఆయన కూర్చునేది స్టేజికి ఓ పక్కగా, ఎల్ఈడీ వాల్ వెనకాల. సౌండ్ చెక్‌లో ఎప్పుడూ రాలేదు బాబాయ్. నిజం చెప్పాలంటే అందుకే ఇది దెయ్యం పని అనుకుంటున్నా.

రేడియోబాబాయ్
దెయ్యం కాదు, నీళ్ళు. చెప్తా విను. రిటైరయ్యేదాకా ట్రాన్స్‌మిటర్ల దగ్గరే బతికినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగవుతుంది, ఓర్చుకో.

నీకున్నవి రెండు వేరు వేరు జబ్బులు, కలిపి చూడకు. జారు మెట్లుగా రావడం అంటే లింకు తెగలేదు, కబురు ఆలస్యంగా చేరుతోంది. బ్లూటూత్‌లో ప్యాకెట్ అందినట్టు అవతలి నుంచి జవాబు రాకపోతే ఇవతలివాడు మళ్ళీ పంపుతాడు. అందేదాకా పంపుతూనే ఉంటాడు. ఈలోపు నీ ఊపిరి విలువలన్నీ వెనకాల పోగుపడతాయి. దారి దొరకగానే అన్నీ ఒక్కసారి వచ్చిపడతాయి. నీ చెవికి అది మెట్టు.

స్వరం ఇరుక్కోవడం అంటే చాలామటుకు లింకే తెగింది. నోట్ ఆన్ (స్వరం మొదలు) కబురు వెళ్ళింది, నోట్ ఆఫ్ (స్వరం ఆపు) కబురు వెళ్ళేలోపు కనెక్షన్ పోయింది. నువ్వు ఆపేశావని ఐప్యాడ్‌కి ఎవరు చెప్పాలి? ఆఖరున అందిన ఊపిరి ఎంతో అంత గట్టిగా పాడుతూ కూర్చుంటుంది.

ఇక ఎందుకు తెగుతోంది అంటే: 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. దాన్ని నీళ్ళు బాగా పీల్చుకుంటాయి, మనిషి ఒంట్లో ఉన్నది ఎక్కువ నీళ్ళే. ఇంట్లో గది చిన్నది, గోడలకి తగిలి తిరిగొచ్చిన తరంగమైనా చేరుతుంది. హాల్లో కప్పు ఎక్కడో ఉంటుంది, మధ్యలో నిండా జనం, దాని మీద ఎల్ఈడీ వాల్ ఇనప చట్రం. నువ్వు జనం వైపు తిరిగి వాయిస్తావు కాబట్టి నీ వీపు కూడా అడ్డమే. ఐప్యాడ్‌ని నీకు కనిపించే చోట పెట్టు, సగం రోగం పోతుంది.

కరీంనగర్_క్లారినెట్
బాబాయ్ చెప్పింది ఒప్పుకుంటా గానీ జనం ఒక్కటే గాదు, జనం జేబులల్ల ఉన్న ఫోన్లు గూడ లెక్కలకు తీస్కోవాలె. సగం మంది హాట్‌స్పాట్ ఆన్ చేసే ఉంచుతరు. హాల్ వైఫై ఒకటి. లైటింగ్ వాళ్ళు వైర్‌లెస్ డీఎంఎక్స్ (లైట్లను నడిపిచ్చేది) పెడితే అదీ చానవరకు 2.4 మీదనే. అందరం ఒక్క గల్లీల ఇరుక్కున్నట్టు.

ఇంకొకటి, నాకు అయిన ముచ్చట. ఒక ఫంక్షన్ల ట్యాబ్ తెరిస్తే నా వాయిద్యం పేరే లిస్టుల కనబడ్తలేదు. ఆఫ్ చేసిన, ఆన్ చేసిన, సెల్లులు మార్చిన, లేదు. చూస్తే మా మేనల్లుడు సామాన్లు మోయనీకి నాతోని వచ్చిండు. వాడు ఇంట్ల సరదాకు వాని ఫోన్ల యాప్ ఏసి నా వాయిద్యానికి కలుపుకున్నడు. ఆ యాప్ ఎనకాల నడుస్తనే ఉన్నది, వాయిద్యం ఆన్ అయితే చాలు ముందుగాల వాని ఫోనే పట్టుకుంటున్నది. ఒకరికి కలిసినంక ఇది ఇంకొకరికి కనబడదు. వాన్ని పార్కింగ్ దాక నడిపిచ్చిన, అప్పుడు నా ట్యాబ్‌ల పేరు వచ్చింది.

బెజవాడ_బీట్
మేనల్లుణ్ణి రేంజ్ బయటికి పంపడం కొత్త ట్రబుల్‌షూటింగ్ అన్నా

కరీంనగర్_క్లారినెట్
బిర్యాని టైమ్‌కు మళ్ళ రేంజ్ లోపలికే వచ్చిండు.

డల్లాస్_రీడ్
కరీంనగర్ అన్న చెప్పింది ఐఫోన్, ఐప్యాడ్ వాళ్ళకి ఇంకో రూపంలో వస్తుంది. చాలామంది సెట్టింగ్స్‌లో బ్లూటూత్ తెరిచి అక్కడ వాయిద్యాన్ని పెయిర్ చేస్తారు. బ్లూటూత్ మిడిని అక్కడ కలపకూడదు, యాప్ లోపలే కలపాలి. గ్యారేజ్‌బ్యాండ్‌లో అయితే సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, దానికింద బ్లూటూత్ మిడి డివైసెస్. ఇంతకుముందు బయట కలిపి ఉంటే 'ఫర్గెట్ దిస్ డివైస్' కొట్టి, వాయిద్యం ఆపి మళ్ళీ ఆన్ చేసి, యాప్‌లోంచి కలపండి. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్ అని ఒకటుంటుంది, అక్కడ.

తెనాలీ, నీ వాయిద్యం ఊపిరిని ఏ కంట్రోలర్ల (సీసీ, అంటే మిడిలో నంబర్లేసిన కబురు దారులు) మీద పంపుతోందో మెనూలో చూశావా? చాలా వాటిలో బ్రెత్ (సీసీ 2), వాల్యూమ్ (సీసీ 7), ఎక్స్‌ప్రెషన్ (సీసీ 11), ఆఫ్టర్‌టచ్ ఇవన్నీ ఒకేసారి పంపే వీలుంటుంది. కీబోర్డు వాడు మీట నొక్కితే ఒక కబురు, వదిలితే ఒక కబురు. మనం అలా కాదు, ఒక్క స్వరం పట్టి నిలబెట్టినా ఊపిరి విలువలు ధారగా పోతూనే ఉంటాయి. అదే విలువని నాలుగు పేర్లతో పంపితే లింకు మీద నాలుగింతల బరువు. నీ సింథ్ యాప్ ఏది వింటుందో అదొక్కటే ఉంచి మిగతావి ఆపేసెయ్. పెదవితో వైబ్రాటో తీయకపోతే లిప్ సెన్సర్ పంపే పిచ్ బెండ్ (స్వరాన్ని వంచే కబురు) కూడా ఆపేసెయ్.

తెనాలి_శాక్స్
ఇప్పుడే చూశా. 2, 11, ఆఫ్టర్‌టచ్ మూడూ ఆన్‌లో ఉన్నాయి. కంపెనీ నుంచి వచ్చినప్పుడే అలా ఉన్నట్టుంది. యాప్ 11 ఒక్కటే వింటోంది. మిగతా రెండూ ఆపేశా.

మోహనరాగం
ఇదంతా చదువుతుంటే నాకు సూరిబాబు గారే రైటనిపిస్తోంది. సినిమా పాటకి సర్దుకుపోవచ్చు. కర్ణాటక సంగీతం ఊదేవాడికి వైర్‌లెస్ మిడి పనికిరాదు. కాంభోజిలో ఒక బిర్కా (వేగంగా దొర్లే స్వరాల గుత్తి) వేస్తే వేలు ముందు, స్వరం వెనక. కద్రి గోపాల్‌నాథ్ గారు శాక్సఫోన్ మీద అన్ని గమకాలు పలికించారంటే వేలికీ నాదానికీ మధ్య ఇంకెవరూ లేరు కాబట్టే.

డల్లాస్_రీడ్
మోహనరాగం గారూ, ఆలస్యం ఉంది, కాదనను. కానీ ఎంతో చూద్దాం. బ్లూటూత్ ఎల్ఈలో (తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్, మిడి వెళ్ళేది దీనిమీదే) రెండు పరికరాలు ఒక వ్యవధి పెట్టుకుని మాట్లాడుకుంటాయి. బ్లూటూత్ 5 దాకా అది 7.5 మిల్లీసెకన్ల కంటే తగ్గదు. 2015లో వచ్చిన బ్లూటూత్ మిడి స్పెసిఫికేషన్ 15 లేదా అంతకంటే తక్కువ అడగమంటుంది. సరే, 15 అనుకుందాం. యాప్‌లో ఆడియో బఫర్ (శబ్దాన్ని కాస్త పోగుచేసి పంపే నిల్వ) 256 శాంపిళ్ళు పెడితే 48 కిలోహెర్ట్జ్‌లో ఇంకో 5 పైచిలుకు. మొత్తం 20 చిల్లర. గాలిలో శబ్దం ఒక మీటరు నడవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మీ స్పీకరు ఏడు మీటర్ల దూరంలో ఉన్నట్టు. పెద్ద స్టేజీల మీద అంత దూరం మామూలే.

మోహనరాగం
స్పీకరు దూరం నాకు స్థిరంగా ఉంటుంది, అలవాటు పడతాను. మీ బ్లూటూత్ ఒకసారి 8, ఒకసారి 15, ఒకసారి 40. లయ చెడేది ఆ ఊగిసలాటలో. మృదంగం ఆయన నా వైపు చూసే చూపు మీకు తెలీదు.

డల్లాస్_రీడ్
ఊగిసలాట సంగతి ఒప్పుకుంటున్నా. ప్యాకెట్‌లో టైమ్ స్టాంపు (ఏ క్షణానిదో చెప్పే గుర్తు) ఉంటుంది, దాన్ని వాడుకుని సర్దే పరికరాలు ఉన్నాయి, కానీ అన్ని యాప్‌లూ దాన్ని పట్టించుకోవు.

సన్నాయి_సూరిబాబు
కరవది షేక్ చినమౌలానా గారి నాదస్వరానికి ఏ టైమ్ స్టాంపు ఉంది నాయనా.

కాకినాడ_ఖాజా
నేను కొత్తగా నేర్చుకుంటున్నా. అడగొచ్చో లేదో, నా దాంట్లో బ్లూటూత్ ఉందని రాసుంది కదా అని పెద్ద బ్లూటూత్ స్పీకర్ కొన్నా. ఎంత వెతికినా స్పీకర్ కలవట్లేదు. చివరికి ఫోన్‌కి మిడి కలిపి, ఫోన్ నుంచి స్పీకర్‌కి బ్లూటూత్ పెట్టా. మోగింది గానీ నేను స ఊదితే, రి కి వెళ్ళాక స వినిపిస్తోంది. నా వాయిద్యం పాడా?

నెల్లూరు_సౌండ్‌డెస్క్
పాడు కాదు తమ్ముడూ. బ్లూటూత్ అని ఒకే పేరుతో మూడు నాలుగు పనులున్నాయి. మిడి అంటే "ఈ స్వరం, ఇంత ఊపిరి" అన్న కబురు మాత్రమే వెళ్తుంది, శబ్దం వెళ్ళదు. ఆడియో అంటే శబ్దమే వెళ్తుంది. ఆ ఆడియోలోనూ దిక్కు ఉంటుంది. చాలా డిజిటల్ శాక్సుల్లో అది లోపలికే. యమహా వైడీఎస్-150 తీసుకో, దాని బ్లూటూత్ ఫోన్లో పాట వాయిద్యం స్పీకర్లో వినడానికి, ఫోన్ యాప్‌తో సెట్టింగులు మార్చుకోడానికి. నీ ఊదుడు బయటి బ్లూటూత్ స్పీకర్‌కి పంపడానికి కాదు.

ఫోన్ నుంచి స్పీకర్‌కి పెట్టినప్పుడు ఆలస్యం రావడం మామూలే. మామూలు బ్లూటూత్ ఆడియో శబ్దాన్ని నొక్కి ప్యాక్ చేసి, అవతల విప్పి, మధ్యలో తెగకుండా కాస్త నిల్వ పెట్టుకుని వినిపిస్తుంది. 150 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా పోతుంది. సినిమా చూసేటప్పుడు ఫోన్ బొమ్మని కూడా ఆపి సరిపెడుతుంది కాబట్టి నీకు తెలీదు. నీ వేళ్ళని ఎవరు ఆపుతారు? వైరున్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చెయ్యి. స్పీకర్‌కి వెనకాల ఆక్స్ రంధ్రం ఉంటే వాయిద్యం ఫోన్స్ అవుట్ నుంచి వైరు. కొన్ని స్పీకర్లు ఆక్స్‌ని కూడా లోపల డిజిటల్ చేసి కొంచెం ఆలస్యం చేస్తాయి, కొనేముందు అక్కడే ఊది చూడాలి.

కాకినాడ_ఖాజా
అయితే స్పీకర్ డబ్బులు పోయినట్టేనా అన్నా?

మోహనరాగం
ఎందుకు పోతాయి, దాంట్లో శ్రుతి పెట్టుకో. శ్రుతి ఎంత ఆలస్యంగా వచ్చినా అదే స, అదే ప. తాళం మాత్రం దాంట్లో పెట్టకు. అది కూడా నువ్వు దాన్ని విని దాని వెంట ఊదితే ఇబ్బంది లేదు, నీ శబ్దం వైరులో వస్తున్నంత కాలం.

కాకినాడ_ఖాజా
ఇది బాగుంది. ఒకటిన్నర శ్రుతిలో పెట్టేశా ఇప్పుడే.

చర్చి_కీస్_గుంటూరు
ఆండ్రాయిడ్ వాళ్ళు లేరా ఇక్కడ? మా వర్షిప్ టీములో ఒక తమ్ముడిది ఆండ్రాయిడ్ ట్యాబ్. యాప్‌లో స్కాన్ కొడితే ఖాళీ లిస్టు. ఆన్‌లైన్లో అందరూ "బ్యాటరీ మార్చు" అంటారు. అసలు సంగతి పర్మిషన్. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా బ్లూటూత్ స్కాన్ చెయ్యాలంటే లొకేషన్ పర్మిషన్ ఇవ్వాలి, పైగా ఫోన్లో లొకేషన్ కూడా ఆన్‌లో ఉండాలి. 12 నుంచి దాన్ని 'నియర్‌బై డివైసెస్' అని వేరే అడుగుతుంది. "వాయిద్యానికి నా లొకేషన్ ఎందుకు" అని మనవాడు డినై కొట్టేశాడు, ఇంకెప్పుడూ అడగలేదు. యాప్ సెట్టింగుల్లోకి వెళ్ళి అలౌ చేస్తే వెంటనే కనిపించింది.

ఇంకోటి, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే స్క్రీన్ ఆరగానే కొన్ని ఫోన్లు యాప్‌ని నిద్రపుచ్చుతాయి. ఆరాధన మధ్యలో ఆగిపోతే బాగోదు. ఆ ఒక్క యాప్‌కి మినహాయింపు పెట్టుకోండి, స్క్రీన్ ఆరకుండా పెట్టుకోండి.

రేడియోబాబాయ్
గుంటూరు బాబు మంచి మాట చెప్పాడు. కానీ బ్యాటరీ సంగతి కొట్టిపారెయ్యకండి. పెన్సిల్ సెల్లుల వాయిద్యాల్లో మామూలు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు, ఛార్జింగు నికెల్ సెల్లు 1.2. మెనూలో ఏ రకం సెల్లు వేశావో అడిగే వాయిద్యాలున్నాయి, అక్కడ తప్పుది ఎంచితే బ్యాటరీ గీత అబద్ధం చెబుతుంది. నిండుగా ఉన్నట్టు చూపించి ఠక్కున ఆరిపోతుంది. మిత్రులు దాన్ని కూడా "బ్లూటూత్ తెగింది" అంటారు.

విశాఖ_ల్యాప్‌టాప్
విండోస్ వాళ్ళ బాధ చెప్తా. ల్యాప్‌టాప్ బ్లూటూత్‌లో వాయిద్యం 'పెయిర్డ్' అని చూపిస్తుంది, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లో మాత్రం మిడి ఇన్‌పుట్ లిస్టులో ఉండదు. చాలా సాఫ్ట్‌వేర్లు విండోస్‌ని పాత పద్ధతిలోనే మిడి అడుగుతాయి, బ్లూటూత్ మిడి కొత్త పద్ధతిలో మాత్రమే వస్తుంది. మధ్యలో మిడిబెర్రీ, లూప్‌మిడి అని రెండు సాఫ్ట్‌వేర్లు పెట్టి దారి కలిపేవాళ్ళం. ఇప్పుడు నేను సీఎంఈ వాళ్ళ విడి బడ్ ప్రో అనే చిన్న యూఎస్‌బీ ముక్క వాడుతున్నా. ల్యాప్‌టాప్‌కి అది మామూలు యూఎస్‌బీ మిడిలాగే కనిపిస్తుంది, విండోస్ బ్లూటూత్‌తో పనే లేదు.

ఒక్క జాగ్రత్త. దాని పక్క రంధ్రంలోనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పెట్టకండి. యూఎస్‌బీ 3 నడుస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రొద వదులుతుంది, ఇంటెల్ వాళ్ళే 2012లో దాని మీద పత్రం వేశారు. ఆ ముక్కని ఒక జానెడు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుకి తగిలించి పక్కకి పెడితే చాలు.

పాత_ఈవీ
మాలాంటి పాతకాపుల సంగతేంటి? నాది పాత ఈవీ, అంటే ఊదే ఎలక్ట్రానిక్ వాయిద్యం. దాంట్లో బ్లూటూత్ లేదు, గుండ్రటి ఐదు పిన్నుల మిడి అవుట్ ఉంది.

విశాఖ_ల్యాప్‌టాప్
దానికి విడి మాస్టర్ అని ఉంటుంది, మిడి అవుట్‌లో గుచ్చడమే, కరెంటు అక్కణ్ణుంచే తీసుకుంటుంది. రెండోది అవతలి మాడ్యూల్‌కి పెడితే ఫోన్ లేకుండా రెండూ వాటంతటవే కలుస్తాయి. కొన్ని పాత వాయిద్యాల మిడి అవుట్ ఇచ్చే కరెంటు దానికి సరిపోదు, కాబట్టి కొనేముందు తయారీదారు ఇచ్చిన లిస్టు చూడండి.

పాత_ఈవీ
చూశా, ఉంది లిస్టులో. ఈవీ రూపకర్త నైల్ స్టైనర్ 1970లలో ఈ వాయిద్యానికి మూలాలు వేసినప్పుడు వైరు అందరికీ వరంగానే ఉండేది మరి. మిడి వచ్చిందే 1983లో.

నెల్లూరు_సౌండ్‌డెస్క్
తెనాలికి నా సలహా వేరు. జనంలోకి దిగాలంటున్నావు కాబట్టి ఐప్యాడ్‌ని స్టేజి మీద ఎక్కడ పెట్టినా ఒక దశలో నీ వీపు అడ్డం వస్తుంది. మిడిని గాలిలో దూరం పంపకు, శబ్దాన్ని పంపు.

వాయిద్యంలో లోపలి శబ్దాలు నీకు నచ్చితే తేలిక. ఆడియో అవుట్ నుంచి గిటారు వాళ్ళు వాడే డిజిటల్ వైర్‌లెస్ పెట్టుకోవచ్చు. బాస్ (BOSS) కంపెనీ డబ్ల్యుఎల్-20 లాంటి వాటిలో ఆలస్యం 2.3 మిల్లీసెకన్లే. అందులో చివర ఎల్ అక్షరం ఉన్న మోడల్ (డబ్ల్యుఎల్-20ఎల్) తీసుకో, మామూలుది గిటారు కేబుల్ పొడుగుకి తగ్గట్టు పై శబ్దం మెత్తబరుస్తుంది, మనకి అది వద్దు. వాయిద్యం వాల్యూమ్ నిండా పెట్టి గుచ్చితే పగులుతుంది, సగం కింద మొదలుపెట్టు. అకాయ్ ఈవీ 5000లో ఈ వైర్‌లెస్ లోపలే ఉంది, అది కూడా ఆడియోనే, మిడి కాదు. కానీ ఇవన్నీ 2.4 గల్లీలోవే, కరీంనగర్ అన్న చెప్పిన ఇరుకు వీటికీ తప్పదు. పెద్ద హాల్ అయితే యూహెచ్ఎఫ్ (2.4 కాని వేరే బ్యాండు) బాడీప్యాక్, అంటే నడుముకి తగిలించుకునే ట్రాన్స్‌మిటర్ మేలు.

ఐప్యాడ్ శబ్దాలే కావాలంటే: ఒక పాత ఐఫోన్ తీసుకో, అదే సింథ్ యాప్ దాంట్లో వెయ్యి, నడుముకి ముందు వైపు పౌచ్‌లో పెట్టు. వాయిద్యానికీ ఫోన్‌కీ మధ్య జానెడు దూరం, బ్లూటూత్ అక్కడ తెగమన్నా తెగదు. ఫోన్ హెడ్‌ఫోన్ అవుట్ నుంచి బాడీప్యాక్‌కి వైరు, బాడీప్యాక్ నుంచి నా డెస్క్‌కి యూహెచ్ఎఫ్.

తెనాలి_శాక్స్
ఇది నాకు తట్టలేదన్నా. ఇంట్లో పాత ఐఫోన్ ఉంది, అమ్మ దాంట్లో సీరియల్స్ చూస్తుంది. అడగాలి.

బెజవాడ_బీట్
సీరియల్ టైములో ప్రోగ్రాం ఒప్పుకోకు

కరీంనగర్_క్లారినెట్
ఫోన్ ఎనక జేబుల పెట్టకు తమ్మీ, ముందర్నే. ఎనక పెడితే మళ్ళ నీ ఒళ్ళే అడ్డం, బాబాయ్ చెప్పిన నీళ్ళ కథ. సిమ్ తీసెయ్, లేకపోతే పెళ్ళిల ఎవడో ఫోన్ చేస్తడు, రింగ్‌టోన్ స్పీకర్లల్ల మోగుతది.

రేడియోబాబాయ్
ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, తర్వాత బ్లూటూత్ ఒక్కటే ఆన్ చెయ్యి. సిమ్ తీసినా వైఫై చుట్టుపక్కల నెట్‌వర్కులు వెతుకుతూనే ఉంటుంది, ఫోన్లో వైఫైకీ బ్లూటూత్‌కీ చాలాసార్లు యాంటెన్నా ఒకటే, వంతులేసుకుని వాడుకుంటాయి. కంట్రోల్ సెంటర్లో వైఫై గుర్తు నొక్కితే పూర్తిగా ఆగదు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆపాలి.

మోహనరాగం
ఇరుక్కున్న స్వరానికి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఎన్ని జాగ్రత్తలు పడ్డా ఒకరోజు ఇరుక్కుంటుంది.

డల్లాస్_రీడ్
చాలా యాప్‌లలో పానిక్ బటన్ ఉంటుంది, అది 'ఆల్ నోట్స్ ఆఫ్' (సీసీ 123) పంపుతుంది. కొన్ని వాయిద్యాల్లోనూ ఉంటుంది. దానికంటే మంచి పని ఒకటుంది, ప్యాచ్‌లోనే (యాప్‌లో దాచుకున్న శబ్దం సెట్టింగు) చేసుకోవచ్చు. శబ్దం గట్టితనం మొత్తం ఊపిరి కంట్రోలర్ మీదే ఆధారపడేలా పెట్టుకోండి, అంటే విలువ సున్నా అయితే పూర్తి నిశ్శబ్దం. అప్పుడు లింకు తిరిగి కలిశాక ఒకసారి మెల్లగా ఊది ఆపితే చాలు, నోట్ ఆఫ్ అందకపోయినా ఆ ఇరుక్కున్న స్వరం చెవికి వినపడదు. కొంతమంది ప్యాచ్‌లో సున్నా దగ్గర కూడా కొంచెం శబ్దం వదులుతారు, వాళ్ళకే ఈ గొడవ.

నెల్లూరు_సౌండ్‌డెస్క్
సౌండ్ ఆయనకి కూడా చెప్పి ఉంచు, నీ ఛానెల్ మ్యూట్ మీద వేలు పెట్టుకోమని.

తెనాలి_శాక్స్
అప్‌డేట్. నిన్న తెనాలి దగ్గర్లోనే ఒక ఎంగేజ్‌మెంట్. ఐప్యాడ్‌ని సౌండ్ టేబుల్ నుంచి తెచ్చి స్టేజి మీద నా ముందు మైక్ స్టాండ్‌కి బిగించా, వైఫై సెట్టింగ్స్‌లోంచి ఆపేశా, ఊపిరికి 11 ఒక్కటే ఉంచా. స్టేజి మీద ఉన్నంతసేపు ఒక్క మెట్టు లేదు, ఇరుక్కోవడం లేదు. జారు నూనెలా వచ్చింది.

దిగి జనంలోకి వెళ్తే మాత్రం నాలుగో వరస కుర్చీలు దాటాక తెగింది. బాబాయ్ చెప్పిందే, ఐప్యాడ్‌కి వీపు పెట్టి తిరిగానో లేదో అదే క్షణం. ఇటు తిరిగితే మళ్ళీ కలిసింది. పైగా ప్యాచ్ డల్లాస్ అన్న చెప్పినట్టు మార్చాను కాబట్టి కలిశాక ఊది ఆపితే చప్పుడు లేదు, ఎవరికీ తెలీలేదు.

అమ్మ ఫోన్ ఇచ్చింది, బదులుగా కొత్తది కొనివ్వాలట. బాడీప్యాక్ సౌండ్ ఆయన దగ్గర ఉంది, కాలర్ మైకుది. హెడ్‌ఫోన్ వైరు దానికి డైరెక్టుగా పెట్టెయ్యనా?

నెల్లూరు_సౌండ్‌డెస్క్
ఆగు, పెట్టకు. కాలర్ మైకుకి కరెంటు కావాలి కాబట్టి బాడీప్యాక్ పిన్నులో చిన్న వోల్టేజీ వస్తుంటుంది. దాన్ని నేరుగా ఫోన్ అవుట్‌కి కలపడం మంచిది కాదు. పైగా మైకు కోసం పెట్టిన ఇన్‌పుట్‌కి ఫోన్ శబ్దం చాలా ఎక్కువ, బరబరమంటుంది. నీ బాడీప్యాక్‌కి సరిపడే 'ఇన్‌స్ట్రుమెంట్ కేబుల్' దొరుకుతుంది, అటు చివర గిటారు జాక్ ఉంటుంది. దానికి ఫోన్ వైపు నుంచి వచ్చే స్టీరియో చిన్న పిన్నుని మోనోగా మార్చే ముక్క కావాలి. ఊరికే మోనో పిన్ను దూర్చేస్తే కుడి ఛానెల్ షార్టవుతుంది. బాడీప్యాక్ మీద గెయిన్ తగ్గించే స్విచ్ ఉంటే మైనస్ వైపు పెట్టు, ఫోన్ వాల్యూమ్ మూడొంతుల్లో ఒక వంతు దగ్గర మొదలెట్టు.

ఇంకోటి, ఆ పౌచ్‌లో పవర్ బ్యాంకు కలిపి ఛార్జ్ చేస్తూ వాయించకు. చవక పవర్ బ్యాంకులతో ఆడియోలో సన్నటి ఈల వస్తుంది, నీ శ్రుతికి దగ్గర్లో పడిందంటే పిచ్చెక్కుతుంది.

సన్నాయి_సూరిబాబు
ఫోను, పౌచి, బాడీప్యాకు, మోనో ముక్క, ఇన్ని పెట్టాక వైరు ఎన్ని మూరలయిందో కొలిచావా తెనాలీ?

తెనాలి_శాక్స్
సూరిబాబు గారూ మీకు మళ్ళీ దండం. కనీసం ఈ వైరు నాతో పాటే నడుస్తుంది.

కాకినాడ_ఖాజా
నెల్లూరు అన్నా, ఆ స్టీరియో నుంచి మోనో ముక్క షాపులో ఏమని అడగాలి? నేను అడిగితే పిన్ను చూసి "అన్నీ ఒకటే బ్రో" అని ఏదో ఇచ్చాడు. ఒక చెవిలోనే వస్తోంది.

నెల్లూరు_సౌండ్‌డెస్క్
లోపల రెండు రెసిస్టర్లు పెట్టి ఎడమ కుడి కలిపే కేబుల్ కావాలని అడుగు, 'స్టీరియో టు మోనో సమ్మింగ్' అంటే సౌండ్ సామాన్ల షాపులో అర్థమవుతుంది, మొబైల్ షాపులో అవదు. దొరక్కపోతే టంకం పెట్టే ఏ రిపేరాయనైనా చేసిస్తాడు, ఒక్కో ఛానెల్‌కి ఒక కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి రెండో చివరలు కలపమను. లేదా నీ యాప్‌లో మోనో అవుట్ ఉంటే అది ఆన్ చేసి స్టీరియో వైరులో ఎడమ ఒక్కటే వాడుకో, ముక్కే అక్కర్లేదు.

కాకినాడ_ఖాజా
యాప్‌లో మోనో ఉందన్నా! పాన్ పక్కనే.